చిన్న రైతుకు తెల్లవారుజాము రైలు కావాలి
ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపు రైళ్లు ఎట్లా ఉంటే మన సరుకుకు మేలు?

తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల మధ్య ఎల్బీనగర్ రింగురోడ్డు దగ్గర కాసేపు నిలబడితే చాలు, మన కూరగాయలు పట్నం ఎట్లా చేరుతున్నాయో కళ్లకు కడుతుంది. విజయవాడ రోడ్డు మీంచి, సాగర్ రోడ్డు మీంచి ట్రాలీ ఆటోలు, డీసీఎంలు ఒకదాని వెనుక ఒకటి వస్తుంటాయి. తడి గోనెపట్టా కప్పిన ఆకుకూరల మోపులు, టమాట క్రేట్లు, వంకాయ సంచులు, వాటి మీదనే తలకు తువ్వాలు చుట్టుకుని కునుకు తీసే రైతులు. అదే వేళకు ఆంధ్ర వైపు నుంచి వచ్చే ప్రైవేటు బస్సులు జనాన్ని దింపుతుంటాయి. ఇంత సందడిలో రైలు కూత మాత్రం వినిపించదు. లక్షల మంది కాపురముండే ఈ తూర్పు పట్నంలో, దిల్‌సుఖ్‌నగర్‌కు గానీ ఎల్బీనగర్‌కు గానీ సొంత రైల్వే స్టేషన్ లేదు.

ఇది పట్నం వాళ్ల గోడు, మనకెందుకు అనుకునే రైతులు ఉంటారు. మన వంకాయ, టమాట, ఆకుకూర అమ్ముడయ్యే జాగాలు చాలామటుకు ఈ వైపునే ఉన్నాయి. సరూర్‌నగర్, వనస్థలిపురం రైతు బజార్లు ఇక్కడివే. ఉల్లి, ఎండుమిర్చికి పేరున్న మలక్‌పేట గంజ్ దిల్‌సుఖ్‌నగర్‌కు కూతవేటు దూరం. 1986 నుంచి గడ్డిఅన్నారంలో నడిచిన పండ్ల మార్కెట్‌ను అక్కడ పెద్దాసుపత్రి కట్టాలని ఖాళీ చేయించి, విజయవాడ హైవే మీద అబ్దుల్లాపూర్‌మెట్ మండలం బాటసింగారానికి మార్చారు. అదీ ఈ తూర్పు దిక్కే. పిల్లలు చదువుకునే హాస్టళ్లు, కోచింగులు దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఎక్కువ. జబ్బు చేస్తే వచ్చి పడేదీ ఈ వైపు ఆసుపత్రుల్లోనే. కనుక ఇక్కడికి రైలు సరిగ్గా రావాలని అడిగే హక్కు పట్నం ఉద్యోగికి ఎంత ఉందో నాలుగెకరాల రైతుకూ అంతే ఉంది.

రెండు లైన్ల నడుమ ఎండిన నేల

ముందు దారుల సంగతి తెలుసుకోవాలి. ఎల్బీనగర్‌కు అటొకటి ఇటొకటి రెండు రైలు మార్గాలు ఉన్నాయి, రెండూ కొంచెం దూరంగానే పోతాయి.

పడమట వైపుది పాలమూరు లైను. కాచిగూడ, మలక్‌పేట, యాకుత్‌పురా, ఫలక్‌నుమా, ఉందానగర్, షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్, ఆపైన గద్వాల, కర్నూలు. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా 85 కిలోమీటర్ల డబ్లింగు, విద్యుదీకరణ పనులు 1,410 కోట్ల రూపాయల ఖర్చుతో పూర్తి చేసి 2023 ఏప్రిల్ 8న జాతికి అంకితం చేశారు. అదే ఏడాది అక్టోబరు 1న జక్లేర్ నుంచి కృష్ణ దాకా కొత్త లైను తెరిచారు. దాంతో దేవరకద్ర, మక్తల్ మీదుగా రాయచూరుకు సూటి దారి దొరికింది. దేవరకద్రలో ఉల్లిగడ్డ మార్కెట్ ఉంది, ఇక్కడ మలక్‌పేటలో ఉల్లి గంజ్ ఉంది. రెండింటినీ ఒకే పట్టా కలుపుతోంది. ఉల్లి మాత్రం లారీలోనే వస్తోంది.

ఉత్తరం వైపుది బీబీనగర్ దారి. సికింద్రాబాద్ నుంచి చర్లపల్లి, ఘట్‌కేసర్ మీదుగా బీబీనగర్ పోయి, అక్కడికి దగ్గరలోనే చీలి వలిగొండ, రామన్నపేట, చిట్యాల, నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా గుంటూరు వైపు పోతుంది. ఇది చాలామటుకు ఒంటి లైనే. బీబీనగర్-గుంటూరు మధ్య 239 కిలోమీటర్ల డబ్లింగుకు 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. ఒంటి లైను మీద ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వాలంటే ప్యాసింజరు పక్క స్టేషన్‌లో ఆగాల్సిందే. రామన్నపేటలో సొరకాయల బుట్టతో బండి ఎక్కిన మనిషి ఎక్కడో క్రాసింగులో కూర్చుని ఎదురు బండి కోసం చూడటం ఇందువల్లనే. డబ్లింగు ఎంత తొందరగా పూర్తయితే చిన్న స్టేషన్ల రైతుకు అంత మంచిది. వందే భారత్ మీద వచ్చే పేరు కన్నా దీని వల్ల మనకు కలిగే లాభం పెద్దది.

ఈ రెండు లైన్ల నడుమ హయత్‌నగర్, చౌటుప్పల్, ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్ ప్రాంతమంతా ఖాళీ. ఇక్కడ పట్టాలే లేవు. కూరగాయలు మాత్రం ఇక్కడ దండిగా పండుతాయి.

నాలుగు క్రేట్ల లెక్క

మంచి రోడ్డు ఉండగా రైలెందుకు అని అడిగేవాళ్లున్నారు. పెద్ద రైతుకు అక్కరలేదన్నది నిజమే. అతని తోటలో ఒక్క కోతకే బండి నిండుతుంది. దేశంలోని కమతాల్లో నూటికి 86 ఐదెకరాల లోపువేనని 2015-16 వ్యవసాయ గణన చెబుతోంది. అరెకరంలో టమాట, పది గుంటల్లో బెండ వేసిన మనిషికి రోజూ తెగేది నాలుగైదు క్రేట్లు. ఇబ్బందంతా ఇక్కడే.

లెక్క సులువు కోసం ఒక ట్రాలీ ఆటో కిరాయి 2,400 రూపాయలు అనుకుందాం. అందులో 40 క్రేట్లు పడితే క్రేటుకు 60 రూపాయలు పడుతుంది. నాలుగే క్రేట్లు ఉన్న రైతు ఒక్కడే మాట్లాడుకుంటే క్రేటుకు 600. పాతిక కిలోల క్రేటు, కిలో పది రూపాయల చొప్పున, 250 రూపాయలకు అమ్ముడవుతుంది. నాలుగు క్రేట్లూ అమ్మి వెయ్యి రూపాయలు తెచ్చుకోవడానికి 2,400 కిరాయి ఎవరు కడతారు? అందుకే అతను ఊళ్లో బండి పెట్టుకున్న ఆసామికి అప్పజెబుతాడు. ధర ఆయన చెప్పిందే, తూకం ఆయన వేసిందే. పట్నంలో ఏ రేటు పలికిందో రెండు రోజుల తర్వాత తెలుస్తుంది, ఒక్కోసారి అదీ తెలియదు. దళారీని తిట్టి లాభం లేదు. అతని చేతిలో ఉన్న బలమల్లా ఆ బండే.

బండి నింపాల్సిన బాధ్యత రైలు ఎక్కే రైతు మీద ఉండదు. నాలుగు క్రేట్లు తెచ్చినవాడు నాలుగింటికే కడతాడు, ఒకటి తెచ్చినవాడు ఒకదానికే కడతాడు. పాత తరహా రైలుకు ముందో వెనకో ఉండే బ్రేకువాను పెట్టెలో ఒక గదికి నాలుగు టన్నుల సామాను పడుతుంది. అంటే పాతిక కిలోల క్రేట్లు 160. నలభై మంది రైతులు మనిషికి నాలుగేసి క్రేట్లు వేసుకోవచ్చు. ఒక లైను వెంట నాలుగైదు ఊళ్లు కలిస్తే ఆ గది నిండటం కష్టమేమీ కాదు.

మరి చిక్కు ఎక్కడ?

మొదటి చిక్కు పెట్టెలోనే ఉంది. దగ్గరి ఊళ్లకు తిరిగే ప్యాసింజర్లు ఇప్పుడు చాలామటుకు డెము, మెము రైళ్లే. తొందరగా వేగం అందుకుంటాయి, ఆ చివర ఈ చివర ఇంజన్ మార్చే పని లేదు, రైల్వేకు ఖర్చు తగ్గుతుంది. అందులో తప్పు పట్టేదేమీ లేదు. కాని పాత ప్యాసింజరుకు ఉన్న బ్రేకువాను వీటికి ఉండదు. రైలు మెరుగైంది గాని, సరుకు పెట్టుకునే జాగా పోయింది. తలుపు దగ్గర మూట పెడితే జనం కసురుకుంటారు, కసురుకోవడంలో న్యాయం కూడా ఉంది.

బ్రేకువాను ఉన్న దూరప్రాంతపు ఎక్స్‌ప్రెస్‌లు చిన్న స్టేషన్లలో ఆగవు. ఆగినా నిమిషం, రెండు నిమిషాలు. ఆ వ్యవధిలో పార్శిల్ ఎక్కించడం అయ్యే పని కాదు, చాలా చోట్ల బుకింగే లేదు. పైగా ఆ గదుల్ని రైల్వే వాళ్లు పార్శిల్ కంట్రాక్టర్లకు లీజుకు ఇస్తారు. గది లీజులో ఉంటే మనం నేరుగా స్టేషన్‌కు పోయి బుక్ చేసుకునే వీలు తగ్గిపోతుంది.

రెండోది వేళ. మార్కెట్‌కు సరుకు తెల్లారేసరికి చేరాలి. ఆఫీసు వేళకు చేరే రైలు గుమాస్తాకు సరిపోతుంది గాని పాలకూరకు సరిపోదు. తొమ్మిదింటికి చేరిన కొత్తిమీర కట్ట వడలి సగం ధరకు పోతుంది. పాలమూరు వైపు నుంచి గానీ నల్లగొండ వైపు నుంచి గానీ రాత్రి రెండు గంటలకు బయలుదేరి నాలుగున్నర, ఐదింటికల్లా పట్నం తూర్పు అంచుకు చేరే బండి ఒకటి ఉండాలని అడగడంలో అసలు ఉద్దేశం ఇదే.

మూడోది దిగే చోటు. పాలమూరు లైనులో వచ్చే చాలా ఎక్స్‌ప్రెస్‌లు మలక్‌పేటలో ఆగకుండా కాచిగూడ పోతాయి. మలక్‌పేట స్టేషన్ గంజ్‌కు దగ్గర. పక్కనే మెట్రో స్టేషన్ కూడా ఉంది. 2018 సెప్టెంబరు 24న ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చిన తర్వాత మలక్‌పేటలో ఎక్కితే మూడో స్టేషన్ దిల్‌సుఖ్‌నగర్, ఆరోది ఎల్బీనగర్. కర్నూలు నుంచో గద్వాల నుంచో హాస్టల్‌లో ఉన్న కొడుకును చూడవచ్చే తల్లికి మలక్‌పేటలో రెండు నిమిషాల హాల్ట్ దొరికితే కాచిగూడ దాకా పోయి వెనక్కి తిరిగే శ్రమ తప్పుతుంది. అయితే మెట్రో మీద మన సరుకుకు ఆశ పెట్టుకోవద్దు. చేతి సంచి తప్ప మూటలు, క్రేట్లు అందులో ఎక్కనివ్వరు. పైగా మొదటి బండి ఉదయం ఆరు గంటలకు. స్టేషన్ నుంచి గంజ్‌కు, రైతు బజారుకు ట్రాలీ ఆటోనే గతి. కాకపోతే అది వంద కిలోమీటర్ల కిరాయి కాదు, నాలుగైదు కిలోమీటర్ల కిరాయి. పదిమంది కలిస్తే మనిషికి పడేది ఛాయ్ ఖర్చు.

చర్లపల్లి సంగతి

2025 జనవరి 6న చర్లపల్లిలో కొత్త టెర్మినల్ ప్రారంభమైంది. దాదాపు 413 కోట్ల రూపాయలు ఖర్చు పెట్టారు. సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడల మీద ఒత్తిడి తగ్గించడానికి కొన్ని దూరప్రాంతపు రైళ్లను అక్కడికి మార్చారు. తూర్పు పట్నానికి దూరప్రయాణపు రైలు దగ్గర పడిందంటే ఇదొక్కటే. ఎల్బీనగర్ నుంచి నాగోలు, ఉప్పల్ మీదుగా పదిహేను కిలోమీటర్లకు తక్కువ లేదు. అర్ధరాత్రి దిగిన వాళ్లకు ఈ పదిహేను కిలోమీటర్లే భారం.

నల్లగొండ వైపు రైతుకు మాత్రం చర్లపల్లి మంచి చోటే. బీబీనగర్ మీదుగా వచ్చే బండి సికింద్రాబాద్ రద్దీలోకి పోకముందే అక్కడ సరుకు దింపుకోవచ్చు. అక్కడి నుంచి ఉప్పల్, నాగోలు, కొత్తపేట వైపు తెల్లవారుజామున ఆర్టీసీ వాళ్లు సామాను పట్టే బస్సులు రెండు నడిపితే చాలు. ఇది కొత్త కోరిక కాదు. 1999 జనవరిలో రైతు బజార్లు పెట్టినప్పుడు రైతులు కూరగాయలతో వచ్చేందుకు ఆర్టీసీ బస్సులు ఏర్పాటు చేశారు. చౌటుప్పల్, ఇబ్రహీంపట్నం, యాచారం రైతులకు ఇప్పటికీ అలాంటి బస్సే దిక్కు. రైలు లేని చోట రైలు కోసం ఏళ్ల తరబడి చూడటం కన్నా మూడు గంటల బస్సు అడగటం తెలివైన పని.

పట్నం చుట్టూ 560 కిలోమీటర్లకు పైగా బయటి రింగు రైలు వేస్తామని 2023లో సర్వేకు అనుమతి ఇచ్చారు. యాదాద్రి, నల్లగొండ, రంగారెడ్డి జిల్లాల మీదుగా పోతుందని చెప్పారు. ఇలాంటి లైనుకు పోయేది రైతు భూమే. ప్రాంతీయ రింగు రోడ్డు అలైన్‌మెంట్ మీద చౌటుప్పల్ వైపు రైతులు ఎంత ఆందోళన పడ్డారో చూశాం. రెండెకరాల్లో ఎకరం పోయిన మనిషికి పరిహారంతో పాటు తన ఊరి దగ్గర స్టేషన్, ఆ స్టేషన్‌లో సరుకు ఎక్కించే ప్లాట్‌ఫారం దక్కకపోతే అతనికి మిగిలేది రైలు పోయే చప్పుడే. ఈ మాట సర్వే నాడే అడగాలి. పట్టాలు పడ్డాక అడిగితే వినేవాళ్లుండరు.

ఇతర చోట్ల ఏం చేశారు?

కలకత్తా చుట్టుపక్కల లోకల్ రైళ్లలో 'వెండర్' పెట్టె అని విడిగా ఉంటుంది. కూరగాయలు, చేపలు, పాలవిరుగుడు గంపలతో పల్లెల వాళ్లు అందులో ఎక్కుతారు. జనం పెట్టెలో తగవు లేదు, సరుకు నలగదు. బొంబాయి లోకల్స్‌లోనూ సామాను పెట్టె ఉంది. మన డెము, మెము రైళ్లలో ఒక పెట్టెలో సగం బెంచీలు తీసేసి వెడల్పు తలుపు పెడితే అదే మనకు వెండర్ పెట్టె. దీనికి కొత్త లైను వేయక్కర్లేదు, భూసేకరణ లేదు.

దూరపు మార్కెట్ల విషయంలో మన తెలుగు నేల మీదనే అనుభవం ఉంది. 2020 మార్చి 26 నుంచి రేణిగుంట నుంచి ఢిల్లీలోని హజ్రత్ నిజాముద్దీన్‌కు పాల ట్యాంకర్లతో 'దూధ్ దురంతో' నడిపారు. అదే ఏడాది ఆగస్టు 7న మహారాష్ట్రలోని దేవ్‌లాలీ నుంచి బీహార్‌లోని దానాపూర్‌కు మొదటి కిసాన్ రైలు కదిలింది. సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీ ఆదర్శ్‌నగర్‌కు టమాట, అరటి, చీనీ, బొప్పాయి వంటివి మూడు వందల టన్నులకు పైగా వేసుకుని మరొకటి పోయింది. రవాణా చార్జీలో సగం రాయితీ ఇచ్చారు గనుక రైతులు, వ్యాపారులు ముందుకు వచ్చారు. రాయితీ కాలం ముగిశాక ఆ ఊపు తగ్గింది. ఇందులో మనం గమనించాల్సింది ఏమంటే, పూర్తి రైలు నింపడం చిన్న రైతుల వల్ల కాదు. ఒక్కో పార్శిల్ వ్యాగనుకే 23 టన్నులు కావాలి. చర్లపల్లి లాంటి చోట ఢిల్లీ వైపు పోయే ఎక్స్‌ప్రెస్‌కు ఒక వ్యాగను తగిలించి, అందులో టన్ను, అర టన్ను కూడా తీసుకునే పద్ధతి ఉంటేనే మామిడి రోజుల్లో బాటసింగారం ధర పడిపోయినప్పుడు మనకు రెండో దారి ఉంటుంది.

చార్జీల మాట కూడా చెప్పుకోవాలి. 2020లో కరోనా వల్ల ఆగిన ప్యాసింజర్లను తిరిగి నడిపినప్పుడు వాటిని ఎక్స్‌ప్రెస్ స్పెషల్ లెక్కలో వేశారు. కనీస చార్జీ 10 రూపాయలు ఉన్నది 30 అయింది. పక్క ఊరి సంతకు పోయే మనిషికి ఇది చిన్న దెబ్బ కాదు. 2024 ఫిబ్రవరి చివర్లో గాని పాత చార్జీ మళ్లీ రాలేదు.

ఇప్పుడు మన చేతిలో ఉన్నది

కొత్త సౌకర్యం వచ్చేదాకా ఉన్న నియమాల్ని తెలుసుకుని వాడుకోవాలి. రెండో తరగతి టికెట్ మీద 35 కిలోల సామాను ఉచితం.  అంతకు మించితే ముందుగానే సామాను చార్జీ కట్టి 70 కిలోల దాకా వెంట ఉంచుకోవచ్చు. కట్టకుండా పట్టుబడితే ఆరు రెట్లు వసూలు చేస్తారు, ఆనాటి అమ్మకం అంతా దానికే సరి. సామాను నడవలో, తలుపులో అడ్డం పెట్టకూడదు.

హాల్ట్ అడిగేవాళ్లు ఒక సంగతి మరిచిపోవద్దు. కొత్త హాల్ట్‌ను సాధారణంగా ఆరు నెలలు ప్రయోగంగా ఇస్తారు. ఆ ఆరు నెలల్లో ఆ స్టేషన్‌లో ఎన్ని టికెట్లు తెగాయో చూస్తారు. బండి ఆపి మళ్లీ నడిపే ఖర్చుకు ఆ రాబడి సరిపోకపోతే తీసేస్తారు. హాల్ట్ కోసం ధర్నా చేసి, వచ్చాక టికెట్ లేకుండా ఎక్కితే మన చేతులతో మనమే దాన్ని తీయించుకున్నట్టు. ఎక్కే స్టేషన్ పేరు మీదనే టికెట్ కొనాలి.

ఉత్పత్తిదారుల సంఘం ఉన్న ఊళ్లలో సంఘం పేరు మీద ఎక్స్‌ప్రెస్ బ్రేకువాను గది లీజుకు దొరుకుతుందా అని పార్శిల్ కార్యాలయంలో అడగవచ్చు. ఏడాది పొడవునా సరుకు చూపించగల సంఘమే ఇందుకు దిగాలి. రెండు నెలల పంటను నమ్ముకుని లీజు రాసుకుంటే మిగతా పది నెలలు ఖాళీ గదికి డబ్బు కట్టాల్సి వస్తుంది.

ఇక అడగవలసిన చోటు. దక్షిణ మధ్య రైల్వే కేంద్ర కార్యాలయం సికింద్రాబాద్ రైల్ నిలయంలో ఉంది. జోన్ స్థాయిలో వాడకందారుల సలహా సంఘం ఉంటుంది. అందులో వర్తక సంఘాలతో పాటు వ్యవసాయ సంఘాల ప్రతినిధులకూ చోటు ఉంది. వర్తకులు ఆ కుర్చీని వాడుకున్నంతగా మనం వాడుకోలేదు. టైంటేబుల్ మార్పులకు ముందే అర్జీ చేరాలి. 'మా ఊరికి రైలు కావాలి' అని ఒక్క ముక్కలో రాస్తే ఆ కాగితం కట్టలో పడిపోతుంది. ఏ స్టేషన్ నుంచి, ఏ నెలల్లో, రోజుకు ఎన్ని క్రేట్లు, ఎంతమంది రైతులు, ప్రస్తుతం కిరాయి ఎంత కడుతున్నారు, బండి ఎన్ని గంటలకు ఎక్కడికి చేరాలి అన్నవి పట్టికగా రాయాలి. రైతు బజారు గుర్తింపు కార్డు ఉన్నవాళ్లు దాని నంబరు వేయాలి. పార్లమెంటు సభ్యుడికి ఒక ప్రతి, మార్కెట్ కమిటీకి ఒక ప్రతి ఇవ్వాలి. ఇచ్చిన ప్రతిచోటా అందినట్టు ముద్ర వేయించుకుని నకలు దగ్గర పెట్టుకోవాలి.